సముద్రం వేడెక్కితే చిత్తూరు మామిడికి ఏమైతాది? పాప ప్రాజెక్టు, నా అనుమానం

బెంగళూరా_తోట
మాది బంగారుపాళెం పక్కన. నాలుగెకరాల మామిడి తోట, అంతా బెంగళూరా రకమే. మా పాప పదో తరగతి. ఇస్కూల్లో సైన్సు ప్రాజెక్టు ఇచ్చినారు, "కర్బన ఉద్గారాలు, సముద్రాలు, వాతావరణం" అని. మిగతా పిల్లోళ్ళంతా భూగోళానికి జ్వరం వచ్చినట్టు బొమ్మేసి, నోట్లో థర్మామీటరు పెట్టి ఇచ్చేసినారంట. ఈ పిల్ల రాత్రి తొమ్మిదికి నా ముందర కూచోని, "నాయనా, మనకు సముద్రమే లేదు గదా, మన ఊరికి ఏం సంబంధమో రాయమన్నాడు సారు" అనింది. నాకు తెలిస్తే గదా చెప్పేది. నేను సముద్రం చూసిందే మూడుసార్లు, అదీ మద్రాసులో.

ఇంకొక అనుమానం నా సొంతం. ఈ మధ్య ఏం జరిగినా వాతావరణ మార్పు అంటా ఉండారు. పూత రాలినా అదే, బోరు ఎండినా అదే, చెరువు తెగినా అదే. 2021 నవంబర్లో మా పైచెరువు తెగి నాకు రెండు కయ్యలు ఇసక మేట వేసింది. ఆ చెరువు మొరవ (నిండినాక మిగులు నీళ్ళు బయటికి పోయే దారి) పూడిపోయి పదేండ్లు. ఎవురూ తియ్యలే. మరి అదీ కార్బనేనా? తెలిసినోళ్ళు చెప్పండి, తిట్టుకోకుండా.

గోళీసోడా
"తిట్టుకోకుండా" అని రాసినావే అన్నా, ఇంక గ్యారంటీగా తిట్టుకుంటారు. నేను ముందర బెంచీలో కూచుంటా ఉండా.

స్వర్ణముఖి_గట్టు
నీ అనుమానం నూటికి నూరుపాళ్ళు కరెక్టు. తిరుపతిలో ముప్పై ఏండ్లుగా ఉండా నేను. 2021 నవంబర్ 18 రాత్రి మా ఇంట్లో మంచంకోళ్ళు మునిగినాయి. మా వీధి ఉండేది ఒకప్పటి చెరువు లోపల. స్థలం అమ్మినోడు ఆ మాట చెప్పలే. చెప్పినా కొనేవాళ్ళమేమో, రేటు తక్కువ మరి. కొండ మీద పడిన నీళ్ళు కిందికి దిగినాక యాడికి పోవాల? వంకలో పోవాల, చెరువులో నిలవాల. వంక మీద షెడ్లు, చెరువులో మేము. అమెరికాలో ఎవుడో కారు తోలినందుకు నా మంచం మునగలే. ఇక్కడ కాలవ మూసినందుకు మునిగింది. కార్బన్ అనే మాట వచ్చినాక ఇక్కడి తప్పులు కప్పుకోను మంచి దుప్పటి దొరికింది అందరికీ.

పాత_పంచాంగం
తుపాను ఎప్పుడు లేదయ్యా? దివిసీమ ఉప్పెన 1977 నవంబర్ 19. అప్పుడు ఊరికొక అంబాసిడర్ కారుంటే గొప్ప. స్వాతి, విశాఖ, అనూరాధ కార్తెల్లో మనకు తుపాన్లు రావడం తాతల నాటి నుంచీ ఉన్నదే. 2021ది కూడా విశాఖ కార్తె కడపటి రోజులే. పంచాంగం తిరగేసి చూసుకోండి.

అలిపిరి_మెట్లు
2021 వాన రోజు నేను తిరుమల కొండ మీదే ఉండా, మా మామ అంగట్లో. రెండు ఘాట్ రోడ్లూ మూసేసినారు, నడక దారీ మూసేసినారు. మెట్ల మీద నీళ్ళు జలపాతం మాదిరి దిగతా ఉంటే చూసి నాకు కాళ్ళు వణికినాయి. మా మామ మాత్రం "ఏడుకొండలవాడు కాళ్ళు కడుక్కుంటా ఉండాడు పోరా" అన్నాడు. పదమూడు రోజులకు, డిసెంబర్ 1న, రెండో ఘాట్ రోడ్డులో బండలు ఊడి పడినాయి.

అయ్యోరు_ఫిజిక్స్
పంచాంగం గారు చెప్పింది నిజం. గట్టు గారు చెప్పింది ఇంకా నిజం. అయినా రెండూ పాప ప్రశ్నకు జవాబులు కావు. సముద్రం సంగతి చూద్దాం.

కార్బన్ డయాక్సైడుకు మన పాత పాఠ్యపుస్తకాల్లో పేరేమిటో గుర్తుందా? బొగ్గుపులుసు వాయువు. నేను చదువుకునేటప్పుడు ఈ పేరు చూసి నవ్వుకునేవాళ్ళం, వంకాయ పులుసు, బొగ్గు పులుసు అని. ఇప్పుడు నవ్వు రావడం లేదు, ఎందుకంటే పేరులోనే పాఠమంతా ఉంది. బొగ్గు కాలిస్తే వచ్చే గాలి, నీళ్ళలో కలిస్తే పులుపు.

ఫ్యాక్టరీలు రాకముందు గాల్లో ఇది పది లక్షల పాళ్ళకు 280 పాళ్ళు ఉండేది. 1958లో హవాయి దీవిలో మౌనా లోవా కొండ మీద కీలింగ్ అనే ఆయన రోజూ కొలవడం మొదలుపెట్టేసరికి 315 దగ్గర ఉంది. ఇప్పుడు 420 దాటింది. మనుషులు ఏటా వదిలేదంతా గాల్లోనే ఉండిపోతే ఇంకా ఘోరంగా ఉండేది. అందులో సుమారు నాలుగో వంతు సముద్రం పీల్చుకుంటోంది. ఇక వేడి సంగతి. ఈ వాయువు, ఇలాంటివి మరికొన్ని, భూమి వేడిని పైకి పోనివ్వకుండా పట్టి ఉంచుతాయి. ఈ వాయువుల వల్ల భూమ్మీద అదనంగా నిలిచిపోయిన వేడిలో నూటికి 90 పాళ్ళకు పైగా సముద్రంలోకే పోయింది. మనం గాల్లో థర్మామీటరు పెట్టి అబ్బో అబ్బో అనుకుంటున్నది మిగిలిన చిల్లర.

అంటే రెండు పనులు ఒకేసారి జరుగుతున్నాయి. సముద్రం వేడెక్కుతోంది, పులుపెక్కుతోంది. మొదటిది మీ తోటకు చేరుతుంది. రెండోది చేపలవాళ్ళకు. ముందు సోడా సంగతి చెబుతాను, ఇక్కడ ఒకాయన ఆ పేరు పెట్టుకుని కూర్చున్నాడు గనక.

గోళీసోడా
నన్ను లాగద్దు సార్.

అయ్యోరు_ఫిజిక్స్
లాగక తప్పదు. గోళీసోడాలో ఉండేది ఈ బొగ్గుపులుసు వాయువే. ఐసుపెట్టెలోంచి తీసిన సోడా కొడితే గ్యాసు నాలుక మీద దాకా ఉంటుంది. ఎండలో పెట్టిన సోడా గోళీ కొట్టంగానే సగం పొంగి కిందపోతుంది. చల్లటి నీళ్ళు గ్యాసును పట్టి ఉంచుతాయి, వేడి నీళ్ళు వదిలేస్తాయి. సముద్రమూ అంతే. వేడెక్కే కొద్దీ పీల్చుకునే శక్తి తగ్గుతుంది. ఇన్నాళ్ళూ మన పొగలో వాటా మోసిన సముద్రం మెల్లగా చేతులెత్తేస్తుందన్నమాట.

సోడా చప్పరిస్తే కాస్త పుల్లగా ఉంటుంది కదా, ఆ పులుపే కార్బానిక్ ఆమ్లం. సముద్రం పీహెచ్ (పులుపు కొలిచే అంకె, ఇది తగ్గితే పులుపు పెరిగినట్టు) ఫ్యాక్టరీల ముందు 8.2 దగ్గర ఉండేది, ఇప్పుడు 8.1కి దిగింది.

స్వర్ణముఖి_గట్టు
0.1కా సార్ ఇంత గోల? మా ఆవిడ చేసే చారులో పులుపు రోజుకొక విధంగా ఉంటాది. దాని మీద ప్రాజెక్టు రాస్తే డాక్టరేటు ఇస్తారు.

అయ్యోరు_ఫిజిక్స్
పీహెచ్ లెక్క మామూలు లెక్క కాదు, లాగరిథం. ఒకటి తగ్గితే పులుపు పదింతలు. 0.1 తగ్గితే పులుపు పుట్టించే హైడ్రోజన్ అయాన్లు దాదాపు 30 శాతం పెరిగినట్టు. ఒక జాగ్రత్త, పాప చార్టులో "సముద్రం ఆమ్లం అయిపోయింది" అని రాయకూడదు. 8.1 అంటే ఇంకా క్షారమే. పులుపు వైపు జరుగుతోంది అని రాయాలి. ఇలాంటి చోటే నేను మార్కులు కోసేది.

కుప్పం_కోడలు
మా ఇంట్లోనూ పదో తరగతి ఉంది సార్, మీరు ఏ బడో చెప్పండి, ఆ బళ్ళో మాత్రం చేర్చం.

పులికాట్_పడవ
మాకు సముద్రం లేదు అన్న మాట చదివి నవ్వొచ్చింది. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్ళూరుపేట, తడ, వాకాడు అంతా మా నెల్లూరు నుంచి తీసుకుపోయి తిరుపతి జిల్లాలో కలిపేశారు గదా. ఇప్పుడు తిరుపతి వాళ్ళకి మా సముద్రం ఫ్రీగా వచ్చింది. చిత్తూరోళ్ళు మాత్రం అట్టే ఉండిపోయారు పాపం.

స్వర్ణముఖి_గట్టు
మీ సముద్రం వెనక్కి తీసుకోండి సామీ, మాకు చెరువులు ఇప్పించండి చాలు.

పులికాట్_పడవ
పులుపు సంగతికి వస్తా. మాకు పులికాట్ సరస్సులో గుల్ల తెలుసు. మా తాతల కాలంలో గుల్ల కాల్చి సున్నం చేసేవాళ్ళు, గోడకి వేస్తే వందేళ్ళు ఉండేది. ఆ గుల్ల ఒక జీవి ఇల్లు. నీళ్ళలో ఉన్న సున్నాన్ని తీసుకుని అది ఇల్లు కట్టుకుంటుంది. నీళ్ళు పులుపెక్కితే ఇల్లు కట్టుకోడానికి కష్టమవుతుందని మొన్న మీటింగులో చెప్పారు. పీతకీ రొయ్యకీ కూడా దెబ్బేనంట.

కానీ ఒక మాట నిజాయితీగా చెప్తా. మా ఏట్లో సరుకు తగ్గింది నిజం. అది పులుపు వల్ల అని నేను చెప్పను. రాయదొరువు కాడ ముఖద్వారం ఇసక పట్టి పూడిపోయి, సముద్రం నీళ్ళు లోపలికి రావట్లా. నీళ్ళు రాకుండా సరుకు ఎట్టా వస్తుంది? మాకు ఇయ్యాల కావాల్సింది పూడిక తియ్యడం.

స్వర్ణముఖి_గట్టు
చూసినారా! పడవాయన కూడా నా మాటే చెప్తా ఉండాడు. అక్కడ ముఖద్వారం, ఇక్కడ మొరవ.

పులికాట్_పడవ
సగమే చదివావు అన్నా. సముద్రంలో మారింది కూడా ఉంది. నూనె కవళ్ళు ఒకప్పుడు కేరళ వైపు చేప. మా నాయన చిన్నప్పుడు ఇటు పెద్దగా ఎరగరు. ఇప్పుడు మా తూర్పు తీరంలో వలకి బాగానే పడతాయి. నీళ్ళు వేడెక్కి చేపలు చోటు మార్చుకున్నాయని చెప్తారు. వేటకి పోయే రోజులూ తగ్గాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఎటూ వేట నిషేధం. దానికి తోడు అక్టోబర్ వచ్చిందంటే అల్పపీడనం, వేటకి పోవద్దు అని మెసేజ్. గుంజకి కట్టిన పడవ చేపలు పట్టదు గదా.

మోడరేటర్
పార్టీల పేర్లు లాగిన మూడు పోస్టులు తీసేశాను. లేఅవుటు ఎవరిదో పేరు పెట్టి రాసిన పోస్టు కూడా తీసేశాను. చెరువు గురించి రాయండి, చెరువు మింగినాయన గురించి వద్దు.

గోళీసోడా
మింగినాయన లేకుండా చెరువు చరిత్ర రాయాలంటే తెల్ల కాగితం ఇచ్చేయాల్సిందే.

బెంగళూరా_తోట
అయ్యోరూ, సోడా అర్థమైంది. వేడి మా తోటకు వస్తాది అన్నారు, అది చెప్పండి. పాప పెన్ను పట్టుకోని కూచోనుండాది.

అయ్యోరు_ఫిజిక్స్
గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు. వేడి సముద్రం ఆ ఆవిరిని అందిస్తుంది. హిందూ మహాసముద్రం ఉష్ణమండల భాగం 1951 నుంచి 2015 లోపల సుమారు ఒక డిగ్రీ వేడెక్కిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020 నివేదికలో ఉంది. తుపాను పుట్టాలంటే నీళ్ళు 26.5 డిగ్రీలు దాటి ఉండాలి. బంగాళాఖాతానికి అది పెద్ద లెక్క కాదు, వానాకాలం తర్వాత 28, 29 మామూలే. దీనికి తోడు గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి నీళ్ళన్నీ వచ్చి ఉప్పునీళ్ళ మీద తేలికగా పరుచుకుంటాయి. పాల మీద మీగడ మాదిరి. ఆ పొర కిందున్న నీళ్ళతో సులభంగా కలవదు, అందుకని పైన వేడి పైనే ఉంటుంది.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య గాలులు ఆ ఆవిరిని మన మీదికి తోస్తాయి. మనకు నైరుతి సగం పెడితే ఈశాన్యం మిగతాది పెట్టాలి. 2021లో జరిగింది అదే. వాయుగుండం చెన్నై దగ్గర తీరం దాటింది, నవంబర్ 19 తెల్లవారుజామున. దాని తేమగాలి వచ్చి శేషాచలం కొండలకు కొట్టుకుంది. కొండ అడ్డమొస్తే గాలి పైకి లేవాలి, లేస్తే చల్లబడాలి, చల్లబడితే నీళ్ళు వదలాలి. వదిలింది. చెన్నై దగ్గర సముద్రంలో లేచిన నీళ్ళు మీ కయ్యల్లో ఇసక పోసి పోయాయి. సముద్రం లేదంటారేమిటి? మీ చెరువు నిండేదే సముద్రంతో.

బెంగళూరా_తోట
ఈ ఆఖరి మాట పాప రాసేసుకునింది. మీ పేరు వెయ్యమంటారా?

అయ్యోరు_ఫిజిక్స్
వద్దు. వాళ్ళ సారు నాకు తెలిసినవాడైతే అసలు మార్కులు రావు.

స్వర్ణముఖి_గట్టు
సార్, లెక్క మీరే చెప్పినారు, 7 శాతం. అంటే వంద మిల్లీమీటర్లు పడే చోట నూటేడు. ఆ ఏడు మిల్లీమీటర్లకా చెరువు తెగేది? మొరవ బాగుంటే ఆ ఏడూ పోయుండేది గదా.

పాత_పంచాంగం
ఇది అడగాల్సిన మాట.

అయ్యోరు_ఫిజిక్స్
మంచి ప్రశ్న, దాటవెయ్యను. మొదటిది, ఆ 7 గాల్లో తేమకు లెక్క. ఆవిరి నీరుగా మారేటప్పుడు వేడి వదులుతుంది, ఆ వేడికి గాలి ఇంకా పైకి ఎగబాకి చుట్టుపక్కల నుంచి ఇంకా తేమను లాక్కుంటుంది. అందుకే గట్టి వానలో పెరుగుదల ఒక్కోసారి 7 దాటుతుంది. రెండోది, చెరువు కట్ట సగటు వానకు తెగదు. పాలు పొంగించేది గిన్నెలో ఆఖరి గ్లాసే.

మూడోది మీకు నచ్చే మాట. 2015 డిసెంబర్లో చెన్నైని ముంచిన వాన మీద కొంతమంది శాస్త్రవేత్తలు ప్రత్యేకంగా లెక్కలు వేశారు, మనిషి వదిలిన వాయువుల వల్ల అంతటి వాన పడే అవకాశం పెరిగిందా అని. అలాంటి గుర్తు స్పష్టంగా కనిపించలేదని తేల్చారు.

స్వర్ణముఖి_గట్టు
దండం సార్. ఈ పోస్టు ఫ్రేము కట్టించి మా వీధి మొగదల తగిలిస్తా.

అయ్యోరు_ఫిజిక్స్
ఫ్రేముకు ముందు కారణం కూడా చదవండి. చెన్నై పక్కనున్న బంగాళాఖాతం పడమటి అంచు ఆ దశాబ్దాల్లో మిగతా సముద్రం మాదిరి వేడెక్కలేదు. మన దేశం మీద తేలే పొగమసి, దుమ్ము ఎండను కొంత అడ్డుకున్నాయి, అదొక కారణం కావచ్చునన్నారు. అంటే ఒక మురికి ఇంకొక మురికిని కాసేపు మూసిపెట్టింది. పొగమసి వానకు కడిగిపోయి రోజుల్లో దిగిపోతుంది, బొగ్గుపులుసు వాయువు వందల ఏళ్ళు ఉంటుంది. ఏది ముందు పోతుందో ఆలోచించండి. ఒక్కొక్క వానకు ఒక్కొక్క లెక్క వెయ్యాలి. చెన్నై లెక్క తెచ్చి 2021 మీద వెయ్యకూడదు, నేనూ వెయ్యను.

గాదంకి_పక్కూరు
రాడార్ సంగతి ఎవురూ ఎత్తలేదే. పాకాల దగ్గర గాదంకిలో వాతావరణ పరిశోధన కేంద్రం ఉండాది, దేశంలోనే పెద్ద రాడార్లలో ఒకటి. పెద్ద మైదానం నిండా 1024 ఏంటెనాలు ఆకాశం వైపు చూస్తా ఉంటాయి. గాలి ఎంత ఎత్తులో ఎంత వేగంగా పోతా ఉండాదో కొలుస్తారు. పాప ప్రాజెక్టుకు ఇంతకంటే దగ్గర ఉదాహరణ ఏం కావాల? సముద్రం మీద గాలి మన జిల్లా మీదుగా ఎట్ల పోతాదో ఇక్కడే చూస్తారు.

మా ఊళ్ళో ఒక పెద్దాయన మాత్రం పోయేదాకా ఒకటే మాట, ఆ రాడార్ పెట్టినాకే వానలు తగ్గినాయి, మేఘాలను అది తోసేస్తా ఉండాది అని. 2015 నవంబర్లో ఇల్లు కారినప్పుడు అడిగితే, ఇయ్యాల కరెంటు లేదు గదా అందుకే అన్నాడు.

గోళీసోడా
ఈ పెద్దాయన లాజిక్కును ఓడించే సైంటిస్టు ఇంకా పుట్టలే.

పాత_పంచాంగం
2015లో ఎల్ నినో (పసిఫిక్ సముద్రం మామూలు కంటే వేడెక్కడం), వాన దంచింది. 2021లో లా నినా (అదే సముద్రం చల్లబడడం), వాన దంచింది. మరి మీ శాస్త్రం ఏమంటుంది?

అయ్యోరు_ఫిజిక్స్
ఎల్ నినో ఏట నైరుతి తగ్గినా మన దక్షిణానికి ఈశాన్యం బాగా పడుతుందని పాత అనుభవం. లా నినా ఏట ఈశాన్యం తగ్గాలి. 2021 ఆ అనుభవాన్ని లెక్కచెయ్యలేదు. మీరు అడిగింది న్యాయమైన మాటే. ఇంకొకటి కూడా మీ వైపు వేసుకోండి, మన చుట్టూ సముద్రంలో తుపాన్ల సంఖ్య గత యాభై అరవై ఏళ్ళలో పెరగలేదు, తగ్గింది. పెరిగింది వాటిలో అతి తీవ్రమైనవి, అదీ ఈ ఇరవై ఏళ్ళలో. మన పక్క అరేబియా సముద్రం ఒకప్పుడు నెమ్మదస్తురాలు. ఇప్పుడు 2017లో ఓఖి, 2021లో తౌక్తే అని పేర్లు చదువుకుంటున్నాం.

కుప్పం_కోడలు
మీరంతా నీళ్ళు ఎక్కువైన కథలే చెప్తున్నారు. మా వైపు కథ వేరే. నేను పుట్టింది శ్రీకాళహస్తి, మెట్టింది కుప్పం పక్కన. మాకు చెనక్కాయ. మా అత్తమ్మ చెప్పేది, ఒకప్పుడు జల్లు పడేది, మళ్ళీ వారానికి జల్లు పడేది, చేను పచ్చగా ఉండేది. ఇప్పుడు నెలంతా పడాల్సిన వాన రెండు రోజుల్లో కుమ్మరించి పోతుంది. తర్వాత ముప్పై రోజులు ఆకాశం అద్దం. రికార్డులో వర్షపాతం మామూలే అని రాస్తారు. చేను రికార్డు చదవదు కదా. ఊడలు దిగే టైములో నేల గట్టిపడితే కాయ ఎక్కడ పడుతుంది?

ఇంకొకటి. ఈ పొగ అంతా మేము వదిలిందా? మనిషికి ఏడాదికి లెక్క వేస్తే మన దేశంలో సుమారు రెండు టన్నులు, అమెరికాలో దాదాపు పద్నాలుగు. మా అత్తమ్మకు ఉండేది రెండు ఆవులు, ఒక ఫ్యాను. ఆమె చేను ఎండాలా?

స్వర్ణముఖి_గట్టు
ఇది కరెక్టు ప్రశ్న అక్కా. దీనికి మాత్రం నేను ఎదురు చెప్పను.

గోళీసోడా
ఆవులు కూడా మీథేన్ (అదీ వేడిని పట్టి ఉంచే గాలే) వదులుతాయంట అక్కా. అత్తమ్మకు చెప్పద్దు.

కుప్పం_కోడలు
చెప్పాను. "ఆవును అనేవాడికి పెరుగు వెయ్యొద్దు" అనింది.

అలిపిరి_మెట్లు
మా కొండకు 2022 సెప్టెంబర్ నుంచి కరెంటు బస్సులు తిరగతా ఉండాయి. పొగ లేదు, సౌండు లేదు. వెనక నుంచి వచ్చేది తెలీక మా మామ రెండుసార్లు ఎగిరి దూకినాడు. పైన గాలిమరలు కూడా ఉండాయి చూసినారా? మా మామ వాటిని చూసి, స్వామికి వింజామరలు అంటాడు.

పాత_పంచాంగం
అగ్నిపర్వతాలు వదిలే గాలి లెక్క ఎవరూ చెప్పరేం? మనిషిదే అని ఎట్లా తేల్చారు?

అయ్యోరు_ఫిజిక్స్
అగ్నిపర్వతాలన్నీ కలిపి ఏటా వదిలేది మనుషులు వదిలేదాంట్లో నూటికి ఒక పాలు కూడా ఉండదు. ఎవరిదో తేల్చడానికి గుర్తు కూడా ఉంది. బతికున్న చెట్టులో రేడియోధార్మిక కార్బన్ 14 కొంచెం ఉంటుంది. కోట్ల ఏళ్ళు భూమిలో మగ్గిన బొగ్గులో, పెట్రోల్లో అది ఎప్పుడో హరించుకుపోయింది. గాల్లో కార్బన్ 14 వంతు పలచబడుతూ వచ్చింది. అంటే కలుస్తున్నది పాత కార్బన్. పాలల్లో నీళ్ళు కలిపితే లాక్టోమీటరు పెట్టి పట్టుకుంటారు చూడండి, అలాగ.

ఇదంతా కొత్త కుట్ర అని కూడా కొందరు అంటారు. ఈ వాయువు రెట్టింపైతే భూమి ఎంత వేడెక్కుతుందో స్వీడన్‌లో అరీనియస్ లెక్క వేసింది 1896లో.

పాత_పంచాంగం
సరే. కార్బన్ 14 మాట నేను వినలేదు. చదువుతాను. ఒప్పుకున్నానని అనుకోవద్దు.

బెంగళూరా_తోట
నా తోట ఇంకా మిగిలిపోయింది. మామిడికి నవంబర్, డిసెంబర్ రాత్రుల్లో చలి పడాల. నేల కొంచెం ఎండాల. అప్పుడు చెట్టు ఇంక చాలు అని పూతకు వస్తాది. డిసెంబర్లో వాన పడి రాత్రి వెచ్చగా ఉంటే చెట్టు పూత మాని ఇగురు (కొత్త ఆకు) వేస్తాది. చూడ్డానికి తోట రాగి చెంబు తోమినట్టు తళతళలాడతాది, చూసినోళ్ళు బాగుందే అంటారు. నాకు కడుపులో కాలతాది. వచ్చిన పూతకు మబ్బు పట్టిందా, తేనెమంచు పురుగు, బూడిద తెగులు. మందు కొట్టేది రెండుసార్లయ్యేది, ఇప్పుడు నాలుగుసార్లు. ఒకే చెట్టులో ఒక కొమ్మకు పిందె, ఒక కొమ్మకు పూత, ఇంకొక కొమ్మకు ఇగురు. కోత ఒకేసారి రాదు. గుజ్జు ఫ్యాక్టరీ కాడ టోకెను పట్టుకోని ట్రాక్టరులో పడుకునేది వేరే కథ.

అయ్యోరు చెప్పినట్టు సముద్రం వెచ్చగా ఉంటే డిసెంబర్ దాకా ఈ వాయుగుండాలు లాగుతా ఉంటే, నా పూతకు దానికీ సంబంధం ఉన్నట్టే గదా?

అయ్యోరు_ఫిజిక్స్
ఉంది. రాత్రి మబ్బు ఉంటే నేల వేడి పైకి పోదు, దుప్పటి కప్పినట్టు. 2023 డిసెంబర్ మొదటివారం మిచాంగ్ గుర్తుందా? బాపట్ల దగ్గర తీరం దాటేముందు మన వైపు రోజుల తరబడి మబ్బు, వాన. కానీ ఒక ఏడాది పూతను చూపించి ఇదే సాక్ష్యం అని నేను అనను. పదేళ్ళు, ఇరవై ఏళ్ళు రాసిపెట్టుకున్న లెక్క కావాలి. మీ దగ్గర ఉందా?

బెంగళూరా_తోట
మా నాయన గోడ మీద బొగ్గుతో రాసేవాడు, పూత ఎప్పుడొచ్చె, మొదటి కోత ఎప్పుడు అని. 2019లో గోడకు సున్నం కొట్టించినా నేనే.

గోళీసోడా
బొగ్గుతో రాసింది సున్నంతో పోయింది. దీన్నే కదా సార్ ఇందాక సముద్రంలో చెప్పింది, తిరగేసి?

అయ్యోరు_ఫిజిక్స్
ఈ థ్రెడ్డులో ఉత్తమ విద్యార్థి నువ్వే.

స్వర్ణముఖి_గట్టు
నా మాట ఒకటి సర్దుకుంటా. సముద్రానికీ మనకూ సంబంధం లేదని నేను అనలే, అన్నట్టు కనిపిస్తే మార్చుకుంటా. నా బాధ వేరే. రాయలచెరువు 2021లో కారినప్పుడు ఊళ్ళు ఖాళీ చేయించినారు, రాత్రింబవళ్ళు ఇసక మూటలు వేసినారు. రాయల నాటిది అంటారు ఆ చెరువును. అప్పుడు కట్టినోళ్ళకు కార్బన్ తెలీదు, కానీ పెద్ద వాన వస్తాదని తెలుసు, మొరవ పెట్టినారు. మనకు రెండూ తెలుసు. పెద్ద వాన వస్తాదని సార్ చెప్తా ఉండాడు. అట్లాంటప్పుడు ముందర పెద్దది చెయ్యాల్సింది మొరవే గదా? నాకు కోపమొచ్చేది, సంబంధం ఉందని తెలిసినాక కూడా మా వీధి చివర కాలవ మీద మొన్న ఇంకొక శ్లాబు పడింది.

కుప్పం_కోడలు
ఇది ముందే రాసుంటే సగం థ్రెడ్డు మిగిలేది అన్నా.

స్వర్ణముఖి_గట్టు
అప్పుడు మోడరేటరుకు పనుండేది కాదు.

గాదంకి_పక్కూరు
2021లో తిరుపతిలో ఒక ఇంటి సంపు భూమిలోంచి పైకి లేచి నిలబడిందే, ఫోన్లో అందరూ చూసినారు. అదేం మాయ సార్? మా ఊళ్ళో కలి అన్నారు.

అయ్యోరు_ఫిజిక్స్
కలి కాదు, ఆర్కిమెడిస్. సంపు ఖాళీ చేశారు. చుట్టూ నేల నీళ్ళతో నిండి ఉంది. ఖాళీ బిందెను బావిలో బోర్లించకుండా వదిలితే తేలుతుంది కదా. అక్కడ భూమే బావి అయింది.

పులికాట్_పడవ
తోటన్నా, పాపకి చార్టు ఒక్కటే ఇవ్వద్దు. నేను గుల్లలు పంపిస్తా, చిన్నవి, ఖాళీవి. ఒక గ్లాసులో ఉప్పునీళ్ళు, ఇంకో గ్లాసులో నిమ్మరసం పోసి గుల్ల వెయ్యమను. నిమ్మరసంలో బుడగలు లేస్తాయి, మర్నాటికి అంచు మెత్తబడుతుంది. క్లాసులో టేబులు మీద పెడితే చాలు.

అయ్యోరు_ఫిజిక్స్
మంచి ప్రయోగం. కింద ఒక చీటీ అంటించమనండి, నిమ్మరసం సముద్రం కంటే లక్షల రెట్లు పులుపు, అందుకే రాత్రికి రాత్రి కరిగింది, సముద్రంలో ఇంత తొందరగా జరగదు అని. లేకపోతే గట్టు గారు వచ్చి మార్కులు కోస్తారు.

స్వర్ణముఖి_గట్టు
కోస్తా.

బెంగళూరా_తోట
గుల్లలు ఎట్ల పంపిస్తావు తమ్ముడూ? శుక్రవారం ఇవ్వాల ప్రాజెక్టు.

పులికాట్_పడవ
సూళ్ళూరుపేటలో తిరుపతి బస్సు కండక్టరుకి ఇస్తా, మా బావమరిదే. తిరుపతి బస్టాండులో నువ్వు తీసుకో. గుల్లలు కడిగే ఇస్తా, అయినా కొంచెం వాసన ఉంటుంది, మూత గట్టిగా పెట్టు.

బెంగళూరా_తోట
బుధవారం పొద్దున వస్తా. ఒక గోతం బెంగళూరా ఊరగాయకు తెస్తా. ఈ ఏడు రేటుకు ఫ్యాక్టరీకి తోలేదానికంటే మీ బావమరిదికి ఇచ్చేదే లాభం.

గోళీసోడా
కండక్టరు లగేజీ టికెట్టు కొడతాడా?

పులికాట్_పడవ
గుల్లకి కొట్టడు. మామిడికి కొడతాడు, వాడి సంగతి నాకు తెలుసు.